రోగనిర్ణయమే సగము చికిత్స

నేటి కాలములో కంప్యూటరు ప్రవేశించని రంగము లేదని చెప్పవచ్చును. బ్యాంకు ఖాతా, ఆసుపత్రి చీటీ, పరీక్షా ఫలితము, రైలు టికెట్టు, ఇవన్నియు ఎక్కడో ఒక చల్లని గదిలో రాత్రింబవళ్ళు పనిచేసే సర్వరు అను పెద్ద కంప్యూటరుపై ఆధారపడి ఉన్నవి. ఆ యంత్రము జబ్బుపడినచో దాని నాడి చూచువారెవరు? వారి పద్ధతి యేమి? ఈ సంగతిని మన విద్యార్థులకు పరిచయము చేయదలచినాము.

ఈ విద్యకు మన సికింద్రాబాదుతో దగ్గరి సంబంధము కలదు. 1975లో భారత ప్రభుత్వము కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అను సంస్థను నెలకొల్పినది. 1978లో ఐ.బి.ఎం. కంపెనీ మన దేశమును విడిచి వెళ్ళగా, దాని యంత్రములను కాపాడు బాధ్యత ఈ సంస్థ స్వీకరించినది. తరువాత సి.ఎం.సి.గా పేరు మార్చుకొని, సికింద్రాబాదులో పరిశోధన కేంద్రమును నడిపి, రైల్వేలకు తొలి కంప్యూటరు రిజర్వేషను విధానమును తయారుచేసినది కూడ ఈ సంస్థయే. మరమ్మతు కొరకు పుట్టిన సంస్థ నిర్మాణమునకు ఎదిగినదన్నమాట. మరమ్మతును చిన్నచూపు చూచువారు ఈ చరిత్రను గుర్తుంచుకొనవలెను.

ఇక పద్ధతి విషయము. మంచి హకీము రోగి మాట వినకుండ మందు వ్రాయడు. సర్వరు కూడ తన బాధను తానే చెప్పుకొనును. ప్రతి లోపమును, అది కలిగిన వేళతో సహా, ఒక చిట్టాలో వ్రాసుకొనును. దీనినే లాగ్ అందురు. యంత్రము ఆగిపోయినను ఈ చిట్టాను చదువుటకు వీలుగా అందులో వేరొక చిన్న కంప్యూటరు అమర్చబడి ఉండును. కావున మొదటి పని మరచీల విప్పుట కాదు, చిట్టా చదువుట.

మెమరీనే ఉదాహరణగా తీసుకొందము. సర్వరు మెమరీలో సాధారణముగా 64 బిట్ల సమాచారమునకు 8 బిట్లు కాపలాగా ఉండును. ఒక బిట్టు తప్పినచో యంత్రమే దిద్దుకొనును. రెండు తప్పినచో తప్పు జరిగినదని గ్రహించును గాని దిద్దలేదు. అరుదుగా ఒకసారి దిద్దుబాటు జరిగిన భయము లేదు. ఒకే చోట పదే పదే జరుగుచున్నచో అది రాబోవు ప్రమాదమునకు హెచ్చరిక.

అయినను వెంటనే క్రొత్త మెమరీ కొనరాదు. దోషము మెమరీ పలకలోనా, అది కూర్చున్న గాడిలోనా? యంత్రమును ఆపి, అనుమానము గల పలకను మరియొక గాడిలో అమర్చి చూడవలెను. తప్పు పలక వెంట వచ్చినచో దోషము పలకది. పాత చోటనే నిలిచినచో గాడిదో, దాని వెనుక నున్న బోర్డుదో. ఒక్కసారి ఒక్కదానినే మార్చవలెను. రెండింటిని కలిపి మార్చినచో రోగము కుదిరినను కారణము తెలియదు.

డిస్కుల విషయములో మరింత జాగ్రత్త అవసరము. రెయిడ్-5 అను ఏర్పాటులో అనేక డిస్కులు కలిసి సమాచారమును మోయును. ఒకటి చెడినను పని సాగును. అట్టి సమయమున చెడిన దానిని విడిచి, పొరపాటున మంచి డిస్కును లాగినచో, ఆ క్షణమే పని నిలిచి, వేలమంది సమాచారము ప్రమాదములో పడును. అందుచేత దీపము రంగు మాత్రమే చాలదు. డిస్కు వరుస సంఖ్యను కూడ సరిపోల్చవలెను. సమాచారము ప్రతి వేరొకచోట భద్రముగా ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను.

జంటగా ఉన్న పవర్ సప్లైలను, కొన్ని ఫ్యానులను యంత్రము నడుచుచుండగానే మార్చవచ్చును. మెమరీకి, ప్రాసెసరుకు మాత్రము విద్యుత్తు నిలుపవలెను. మన శరీరములోని స్థిర విద్యుత్తు సున్నితమైన భాగములను చెడగొట్టగలదు గనుక మణికట్టుకు భూమితో కలిపిన పట్టీ ధరించవలెను. మార్చిన పిమ్మట పరీక్ష నడిపి, కొన్ని దినములు చిట్టాను గమనించిన గాని పని పూర్తియైనట్లు కాదు.

విద్యార్థులారా! ఆ పెట్టెలోనిది ఇనుము మాత్రమే కాదు. ఒక వృద్ధుని పింఛను, ఒక రోగి చరిత్ర, ఒక బాలిక మార్కులు అందున్నవి. తొందరపాటుతో మార్చిన భాగము సంస్థ ధనమును వ్యర్థము చేయును. తొందరపాటుతో లాగిన భాగము పరుల సొత్తును నాశనము చేయును. వినుట, పరీక్షించుట, ఆపైననే చేయి వేయుట అను క్రమశిక్షణ ఈ వృత్తికి ప్రాణము. డిగ్రీతోపాటు ఈ క్రమశిక్షణను కూడ మీరు అలవరచుకొందురని ఆశించుచున్నాము.