మొక్కు పేర్లు: ఓదెలు నుంచి శాంటియాగో దాకా

మీ దరఖాస్తు పత్రంలో తండ్రి పేరు రాసిన గడిని ఒకసారి గుర్తు చేసుకోండి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల విద్యార్థులు చాలామంది అక్కడ ఓదెలు, రాజేశం, పోశెట్టి వంటి పేర్లు రాస్తారు. 'ఓదెలు' అంటే ఏమిటని నిఘంటువులో వెతికితే దొరకదు. ఆ పేరుకు అర్థం లేక కాదు. దాని అర్థం ఒక ఊరితో, ఒక మొక్కుతో ముడిపడి ఉంది.

ఓదెల నేటి పెద్దపల్లి జిల్లాలోని గ్రామం. అక్కడి మల్లికార్జునస్వామిని జనం 'ఓదెల మల్లన్న' అంటారు. ఆ దేవునికి మొక్కుకున్నవారు కొడుకు పుడితే ఓదెలు అని, కూతురు పుడితే ఓదమ్మ అని పెట్టుకున్నారు. అలాగే వేములవాడ రాజరాజేశ్వరస్వామి, అంటే రాజన్న, పేరు మీద రాజయ్య, రాజేశం, రాజవ్వ వచ్చాయి. 2016లో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లా పేరులోనూ ఆ దేవుడే ఉన్నాడు. నిర్మల్ వైపు అడెల్లి పోచమ్మ ప్రసిద్ధి. పోచయ్య, పోశన్న, పోశెట్టి అనే పేర్లు పోచమ్మను తలచుకొని పెట్టినవే. దేవత స్త్రీ అయినా కొడుక్కి ఆమె పేరు చెల్లింది. 'పోచయ్య' అంటే పోచమ్మ ఇచ్చినవాడు, ఆమెకు చెందినవాడు అని గ్రహించాలి.

ఈ పద్ధతి మనకే పరిమితం కాదు. స్పానిష్ భాషలో మగవారికి పెట్టే 'శాంటియాగో' అనే పేరును విడదీసి చూడండి. 'సాంట్' అంటే పరిశుద్ధుడు, 'ఇయాగో' అంటే యాకోబు. రెండు మాటలూ కలిసిపోయి ఒకే పేరయింది. స్పెయిన్ వాయవ్య భాగంలోని శాంటియాగో దె కంపొస్తెలా ఆ యాకోబు పేరు మీద వెలసిన యాత్రాస్థలం. యాకోబుకు అరబీ రూపం యాకూబ్. వరంగల్ ప్రాంతంలోని అన్నారం షరీఫ్ దర్గాలో యాకూబ్ బాబాకు మొక్కుకున్న హిందూ కుటుంబాలు కూడా పిల్లలకు యాకయ్య, యాకమ్మ అని పేరు పెట్టుకున్నాయి. అంటే స్పెయిన్‌లోని శాంటియాగో, మన యాకయ్య ఒకే మూలం నుంచి వచ్చిన పేర్లు!

అయితే ఒక జాగ్రత్త అవసరం. రాజయ్య అనే ప్రతి వ్యక్తీ మొక్కు వల్ల ఆ పేరు పొందాడని చెప్పలేం. తాత పేరు మనవడికి పెట్టి ఉండవచ్చు. అందుకే పేరును చూసి ఊహించకుండా ఇంటి పెద్దలను అడిగి నిర్ధారించుకోవాలి.

ఇలాంటి పేర్లు మోటుగా ఉన్నాయని బడిలో చేర్చేటప్పుడు మార్చుకున్నవారు ఉన్నారు. నేటి పిల్లలకు వీటిని పెట్టేవారు అరుదు. తాతల కాలంలో ఏ కుటుంబం ఏ క్షేత్రానికి నడిచి వెళ్లిందో, ఏ దర్గాలో చేతులు జోడించిందో చాలా ఇళ్లలో కాగితం మీద లేదు. దానికి మిగిలిన ఆధారం ఈ పేర్లే. పేరు పోతే ఆ ఆధారమూ పోతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మీ కుటుంబంలో మూడు తరాల పేర్లు రాయండి. వాటిలో మొక్కు పేర్లు ఏవి? ఎవరు, ఎక్కడ, ఎందుకు మొక్కుకున్నారో పెద్దలను అడిగి పక్కనే రాసుకోండి.