కాకి పిల్ల ఎవరికి ముద్దు?

'కాకి పిల్ల కాకికి ముద్దు' అని సామెత. ఎంత అనాకారి బిడ్డయినా కన్నతల్లికి అందంగానే కనబడుతుందని ఎగతాళి చేయడానికి దీన్ని వాడుతుంటారు. కాకి నల్లగా ఉంటుంది కాబట్టి అందవికారమైందని ముందే తీర్పు చెప్పేసి, ఆ తర్వాత నవ్వుతుంది ఈ సామెత. ఆ తీర్పు ఎవరు చెప్పారు? కాకులైతే చెప్పలేదు గదా!

ప్రేమ విషయం వచ్చేసరికి చాలామంది, ఉద్యమాల్లో తిరిగేవాళ్ళు సైతం, 'అది వ్యక్తిగతం, ఎవరి కంటికి ఎవరు నచ్చుతారో ఎవరు చెప్పగలరు' అని దాటేస్తారు. నచ్చడం వ్యక్తిగతమే. కానీ ఆ కళ్ళు ఎక్కడ, ఎవరి మధ్య పెరిగాయన్నది సామాజికం. ఆకర్షణ మీద మనస్తత్వ శాస్త్రంలో జరిగిన కొన్ని పరిశోధనలను మన అనుభవం పక్కన పెట్టి చూడాలన్నదే ఇక్కడ మా ప్రయత్నం.

తొలిచూపు చేసే పని

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఇలేన్ వాల్‌స్టర్, ఆమె సహచరులు చేసిన ఒక ప్రయోగం 1966లో అచ్చయింది. కొత్తగా చేరిన 752 మంది విద్యార్థులకు డాన్సు పార్టీ ఏర్పాటు చేశారు. మీ అభిరుచులను బట్టి కంప్యూటరే జంటలు కలుపుతుందని చెప్పారు. నిజానికి దాదాపు లాటరీ తీసినట్టే కలిపారు. టికెట్ల దగ్గర కూర్చున్నవాళ్ళు విద్యార్థులకు తెలియకుండా వాళ్ళ అందానికి మార్కులు వేశారు. తమ జోడీని మళ్ళీ కలవాలని ఎవరు కోరుకున్నారని చూస్తే, చదువు మార్కులూ స్వభావమూ లెక్కకు రాలేదు. ఎదుటి మనిషి రూపమే లెక్కకొచ్చింది.

1972లో కారెన్ డయాన్, ఎలెన్ బెర్షీడ్, వాల్‌స్టర్ మరో సంగతి చూపించారు. ఫోటోలు మాత్రమే చూసిన విద్యార్థులు, అందంగా ఉన్నవాళ్ళకు మంచి గుణం, మంచి ఉద్యోగం, సుఖమైన కాపురం ఉంటాయని ఊహించారు. అంటే ముఖాన్ని చూసి మనిషి విలువనే కట్టేస్తున్నాం.

మన దగ్గర ఈ లెక్కలోకి కులం కూడా వస్తుంది. కాలేజీలో ఎర్రగా ఉన్న దళిత అమ్మాయితో 'నువ్వు ఎస్సీలాగా కనబడవే' అంటారు. అన్నవాళ్ళ దృష్టిలో అది మెచ్చుకోలు. దళితుల్లో తెల్లనివాళ్ళున్నారు, అగ్రవర్ణాల్లో నల్లనివాళ్ళున్నారు. అది రోజూ కళ్ళెదుట కనబడుతూనే ఉన్నా, ఎస్సీ అంటే ఎట్లా ఉండాలో ఒక బొమ్మ ముందే మెదడులో గీసుకుని ఉంటారు. ఆ బొమ్మకు సరిపోకపోతే ఆశ్చర్యం. సరిపోతే చూపు పక్కకు తిరుగుతుంది.

చూడగా చూడగా

తొలిచూపే అంతా అయితే మనం చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. కానీ పరిశోధనలు ఇంకో వైపు కూడా చూపాయి. 1992లో రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్ చూడటానికి ఇంచుమించు ఒకే తీరుగా ఉన్న నలుగురు యువతులను ఒక క్లాసుకు పంపారు. ఒకామె ఒక్కసారీ వెళ్ళలేదు. మిగిలినవాళ్ళు 5, 10, 15 సార్లు వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని వచ్చారు. చివర్లో ఫోటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చినామె విద్యార్థులకు ఎక్కువ ఆకర్షణీయంగా కనబడింది. 2015లో లూసీ హంట్, పాల్ ఈస్ట్‌విక్, ఎలీ ఫింకెల్ 167 జంటలను పరిశీలించారు. పరిచయమైన కొద్దికాలానికే ప్రేమలో పడ్డ జంటల్లో ఇద్దరి అందమూ సరితూగింది. ఎంతోకాలం తెలిసి, స్నేహం నుంచి ప్రేమలోకి వచ్చినవాళ్ళలో ఆ తూకం అంతగా కనబడలేదు.

అంటే కాకి సామెతలో నిజముంది, వెక్కిరింత తీసేస్తే. రోజూ చూసే ముఖం, కలిసి నవ్విన ముఖం అందంగా మారుతుంది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి చూద్దాం. ఊరొకవైపు, వాడొకవైపు. బావి వేరు, గ్లాసు వేరు, శ్మశానం కూడా వేరు. మనుషులు ఒకరి ముఖం ఒకరు సమానంగా, తీరిగ్గా చూసుకునే చోటు లేకుండా చేయడమే అంటరానితనం. పైగా సినిమాలో, క్యాలెండరు మీద, ప్రకటనల్లో రోజూ కనబడే ముఖం ఒక్క తీరుదే. హిందుస్థాన్ లీవర్ వాళ్ళు 1975లో తెచ్చిన తెల్లబరిచే క్రీము 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. తెల్లదనం మీద మోజు మాత్రం తీసేస్తే పోయేది కాదు.

ఇంతా చేసి, అందం కూడా కులం తర్వాతే. బెంగాలీ పత్రికలో పెళ్ళి ప్రకటనలు ఇచ్చిన కుటుంబాలను అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరో ఇద్దరు పరిశీలించి 2013లో ప్రచురించారు. వధువును వెదికేవాళ్ళు స్వకులానికి ఇచ్చిన విలువ, 'చాలా అందగత్తె'కూ 'ఫరవాలేదు' అనిపించే అమ్మాయికీ మధ్య ఉన్న తేడాకు రెట్టింపు తేలింది. దేశంలో కులాంతర వివాహాలు 2011-12 సర్వేలో దాదాపు 5 శాతమే.

మన ఇంటి సంగతి

ఇక్కడ మమ్మల్ని మేమూ ప్రశ్నించుకోవాలి. 1940లలో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెడితే, ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నారు. అవమానం బయటి నుంచి వచ్చి లోపల ఇల్లు కట్టుకుంటుంది. నలుపు మీద సభల్లో గొంతెత్తే మన మగవాళ్ళలో కొందరు పెళ్ళిచూపుల దగ్గర 'పిల్ల రంగు తక్కువ' అనడం మేము విన్నాం. ఆ మాట పడిన చెల్లెలికి కులం ఒక దెబ్బ, రంగు ఇంకో దెబ్బ, మనవాడే వేసినందుకు మూడో దెబ్బ. దీన్ని ఇంటి విషయమని మూసిపెడితే ఉద్యమం సగమే నడిచినట్టు.

కులాంతర వివాహమే కులానికి అసలు మందని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పాడు. హద్దులు దాటి ఇష్టాలు పుడుతూనే ఉన్నాయి. ఆ ఇష్టం పుట్టదన్న ధీమా ఉంటే కులానికి కత్తి పట్టే పనేముంది? 2018లో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్య కళ్ళముందే, ఆసుపత్రి బయట ఒక దళిత యువకుణ్ణి నరికి చంపించారు. 2025లో కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పోయిన ప్రాణం రాలేదు.

కాబట్టి కలిసి కూర్చునే బెంచీ, కలిసి తినే మెస్సు, పేరు పక్కన కులం వెదకని స్నేహం చిన్న విషయాలు కావు. పంతుళ్ళు క్లాసులో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడుతున్నారో, హాస్టలు గదులు ఏ లెక్కన పంచుతున్నారో పట్టించుకోవాలని మా మనవి. ఇక 'నేను బాగుండను' అని అద్దం ముందు తలవంచుకునే మన పిల్లలకు చెప్పాల్సింది ఒక్కటే. లోపం నీ ముఖంలో లేదు. నిన్ను తీరిగ్గా చూడనివ్వని ఊరిలో ఉంది.