హెడ్‌ఫోన్‌కు లో వోల్టేజీ

జగిత్యాల చుట్టుపక్కల వ్యవసాయం ఉన్న ఇంట్లో ‘లో వోల్టేజీ’ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. స్టార్టర్ నొక్కితే మోటరు మూలుగుతుంది. పైపు చివర మాత్రం సన్నటి ధారే. బోరులో నీళ్లున్నాయి, మోటరూ మంచిదే. వచ్చే కరెంటుకే బలం లేదు.

అలాంటి ఇంటి నుంచే దుబాయి పోయిన కొడుకు సెలవుకు వస్తూ ఒక ఖరీదైన స్టూడియో హెడ్‌ఫోన్ తెచ్చుకున్నాడనుకుందాం. ఫోనుకు పిన్ను పెట్టి సౌండు చివరిదాకా పెంచినా పాట పక్కింట్లో మోగుతున్నట్టే ఉంటుంది. అదే ఫోనుకు కోరుట్ల బస్టాండు దగ్గర కొన్న వంద రూపాయల ఇయర్‌ఫోన్ పెడితే చెవులు గింగురుమంటాయి. డూప్లికేటు సామాను అంటగట్టారని ఇంట్లో అందరూ తేల్చేస్తారు. ఆ హెడ్‌ఫోన్ నిఖార్సైన సరుకే కావచ్చు. దానికి పట్టిన కష్టమూ మోటరుకు పట్టినదే.

హెడ్‌ఫోన్ విప్పి చూస్తే లోపల ఒక అయస్కాంతం, పల్చటి పొర, ఆ పొరకు అతికించిన రాగి తీగ చుట్ట కనిపిస్తాయి. పాట కరెంటు రూపంలో తీగలోకి రాగానే చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, దాంతోపాటు పొర గాలిని నెడుతుంది. సిరిసిల్లలో కండెకు నూలు చుట్టినట్టే ఈ తీగనూ వరుస తప్పకుండా చుడతారు. తీగ ఎంత సన్నగా ఉండి ఎన్ని చుట్లు ఎక్కువ పడితే కరెంటుకు అడ్డంకి అంత పెరుగుతుంది. మోటర్లకు వైండింగ్ చేసే మెకానిక్‌కు ఇది చేతికి తెలిసిన విషయం. ఆ అడ్డంకిని ఓముల్లో కొలుస్తారు. సాధారణ ఇయర్‌ఫోన్లు 16 లేదా 32 ఓములు. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 మాత్రం 300 ఓములు. బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓముల రకం కూడా ఉంది.

ఇక లెక్క చూద్దాం. ఫోను 1 వోల్టు ఇస్తోందంటే 32 ఓముల చుట్టకు దాదాపు 31 మిల్లీవాట్ల శక్తి అందుతుంది. అదే వోల్టు 300 ఓముల చుట్టకు ఇవ్వగలిగేది సుమారు 3.3 మిల్లీవాట్లు మాత్రమే. దాదాపు పదో వంతు. చెవి లెక్క వేరు కాబట్టి పదో వంతు శక్తి మనకు సుమారు సగం సౌండులా తోస్తుంది.

మరి మంచి హెడ్‌ఫోన్ చేసేవాళ్లు అన్నేసి ఓములు ఎందుకు పెట్టారు? అవి పుట్టిన ఇల్లు వేరు. 1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్‌విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో తయారుచేసిన హెడ్‌ఫోన్‌ను ఆ దేశపు నౌకాదళం కొనుక్కుంది. ఒక్కో చెవి డిప్పలో మైలు పొడవు రాగి తీగ ఉండేదని చెబుతారు. బ్యాటరీయే లేని క్రిస్టల్ రేడియోల రోజుల్లో ఏరియల్ పట్టిన కాస్త కరెంటుతోనే అలాంటి వేల ఓముల చుట్టలు మాట వినిపించేవి. ఓములు ఎక్కువైతే సౌండు తప్పకుండా తగ్గుతుందనుకోవడం తొందరపాటని ఇక్కడే తెలుస్తుంది. 1937లో బెర్లిన్‌లో ఆయిగెన్ బేయర్ చేసిన డీటీ 48తో ఇప్పటి తరహా కదిలే చుట్ట హెడ్‌ఫోన్‌లోకి వచ్చింది. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414 వచ్చింది. పసుపు రంగు స్పాంజి మెత్తలతో, వెనకవైపు గాలి ఆడేలా తెరిచి ఉంచిన తొలి హెడ్‌ఫోన్ అది. దానివి 2,000 ఓములు. అది కూర్చున్నది గోడ కరెంటుతో నడిచే పెద్ద ఆంప్లిఫయర్ పక్కన, అక్కడ వోల్టులకు కరువు లేదు. స్టూడియోల్లో ఒకే ఆంప్లిఫయర్‌కు నలుగురైదుగురు హెడ్‌ఫోన్లు తగిలించుకునేవారు కాబట్టి ఒక్కొక్కటీ తక్కువ కరెంటు గుంజడమే మేలు. సన్నటి తీగ చుట్ట తేలిగ్గానూ ఉంటుంది.

తర్వాత 1979 జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ అమ్మకానికి వచ్చింది. ధర 33,000 యెన్లు. ఇద్దరు కలిసి వినడానికి రెండు పిన్ను రంధ్రాలు, పక్కవాళ్లతో మాట్లాడాలంటే పాటను తగ్గించే నారింజ రంగు బటన్ ఉండేవి. మొదట చేసిన 30,000 వాక్‌మన్లు ఆగస్టు ముగిసేసరికే అయిపోయాయి. గల్ఫ్ సూట్‌కేసుల్లో సెంటు సీసాల పక్కన చోటు సంపాదించుకుని ఆ జాతి డబ్బా ఉమ్మడి కరీంనగర్ పల్లెలకూ చేరింది. ఇంత ఊపు తెచ్చిన పరికరం నడిచింది రెండు పెన్సిల్ సెల్లుల మీద. రెండు సెల్లులంటే 3 వోల్టులు. పాట తరంగం ఆ మూడు వోల్టుల మధ్యే కిందికీ పైకీ ఊగాలి. అలా ఊగితే చివరికి హెడ్‌ఫోన్‌కు నికరంగా దక్కేది మహా అయితే 1 వోల్టు. తర్వాత ఒకే సెల్లుతో నడిచే ప్లేయర్లు వచ్చేసరికి అది అర వోల్టు అయింది. అందుకే ప్లేయరుతో పాటు ఇచ్చే హెడ్‌ఫోన్లను తక్కువ ఓములతో చేశారు. వోల్టులు లేకపోయినా కరెంటు దండిగా గుంజుకుని అవి గట్టిగా మోగాయి. గోడ కరెంటుకు అలవాటు పడిన పాత జాతి హెడ్‌ఫోన్లకే జేబులోని సెల్లు చాలలేదు.

కొనేవాళ్లు ఓములు చూసి మోసపోయేది కూడా ఇక్కడే. హైఫైమన్ హెచ్‌ఈ-6కు ఉన్నవి 50 ఓములే. అయినా ఫోనుకు అది లొంగదు. ఒక మిల్లీవాట్ ఇస్తే అది చేసే సౌండు 83.5 డెసిబెల్స్. మామూలు ఇయర్‌ఫోన్లలో అదే మిల్లీవాట్‌కు 103 దాటేవి ఎన్నో ఉన్నాయి. తేడా 20 డెసిబెల్స్, అంటే నూరు రెట్ల శక్తి. పెట్టె మీద ఓములతో పాటు ‘సెన్సిటివిటీ’ అన్న వరుసనూ చదవకుండా డబ్బు కట్టకూడదు.

ఒక్కోసారి చట్టమూ అడ్డుపడుతుంది. జేబు ప్లేయర్ల సౌండు 100 డెసిబెల్స్ దాటకూడదన్న ఫ్రాన్స్ నిబంధన వల్ల 2002లో ఐపాడ్ అమ్మకం అక్కడ ఆగింది. సాఫ్ట్‌వేర్‌తో సౌండు తగ్గించాకే మళ్లీ మొదలైంది. ఈనాటికీ ఆపిల్ అమ్మే చిన్న పిన్ను అడాప్టర్ అమెరికా రకం 1 వోల్టు ఇస్తే, యూరప్ రకం అర వోల్టే ఇస్తుంది. ఫోను సెట్టింగుల్లో సౌండుకు పరిమితి పెట్టి ఉండటం మరీ మామూలు. ముందు అది చూసుకోవాలి.

నిజంగానే వోల్టులు చాలకపోతే మందు ఉంది. చూ మోయ్ అనే అమెరికన్ తన వెబ్‌సైటులో ఒక చిన్న ఆంప్లిఫయర్ డిజైను పెట్టాడు. ఒక చిప్పు, కొన్ని కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ. ప్రపంచమంతా ఔత్సాహికులు దాన్ని పిప్పర్‌మెంట్ రేకు డబ్బాల్లో బిగించుకున్నారు. ఇప్పుడు బొటనవేలంత సైజులో యూఎస్‌బీ ఆంప్లిఫయర్లు దొరుకుతున్నాయి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోనైతే ఆంప్లిఫయర్ చెవి డిప్పలోకే దిగిపోయింది. తన చుట్టకు ఎన్ని వోల్టులు కావాలో చూసుకుని కంపెనీయే జత కలిపి ఇస్తుంది.

సిరిసిల్లలో మాత్రం ఈ లెక్క మారిపోతుంది.

అక్కడి సాంచాల (మరమగ్గాల) షెడ్డులో నాడె నిమిషానికి నూరుసార్లకు పైగా ఇటూ అటూ పరుగెడుతుంది. ఒక్కో కార్మికుడు చూసుకునే సాంచాలు ఎన్నో. షిఫ్టు పన్నెండు గంటలు. నాడెతో నడిచే మగ్గాల షెడ్లలో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. పక్కనున్న మనిషితో సైగలతో మాట్లాడాలి. అక్కడ పాట వినబడాలంటే ఆ చప్పుడును మించాలి. వారానికి 40 గంటలు వినాలంటే సౌండు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది కాబట్టి 100 దగ్గర వారం మొత్తానికి మిగిలేది అరగంట లోపే. ఇక్కడ సౌండు పెంచే ఏ ఆంప్లిఫయరూ మేలు చేయదు. చప్పుడును రద్దు చేసే హెడ్‌ఫోన్ల ఆలోచన 1978లో విమానంలో అమర్ బోస్ అనే ఇంజినీరుకు తట్టింది. ఇంజను హోరు లాంటి ఒకే తీరు చప్పుడును అవి బాగా మింగుతాయి. నాడె దెబ్బ లాంటి టకటకల ముందు అంతగా నిలవవు. చెవులను పూర్తిగా మూసే రక్షణ డిప్పలు మాత్రం 20 డెసిబెల్స్‌కు పైగా తగ్గించగలవు. షెడ్డులో కార్మికుడికి ముందు అందాల్సినవి అవే.

ఇంకో సంగతి ఉంది. షిఫ్టు దిగిన చెవి చాలాసేపు మొద్దుబారి ఉంటుంది. రాత్రి ఇంట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సౌండు తక్కువనిపించి మరో రెండు గీతలు పెంచుతారు. ఆ గీతలు ఎన్నో గుర్తు పెట్టుకుని, సెలవు రోజు పొద్దున లేవగానే అదే పాటను అదే గీత మీద పెట్టి చూడాలి. రాత్రి సన్నగా వినిపించిన పాట పొద్దున ఇయర్‌ఫోన్ లాగి పడేసేంత గట్టిగా వస్తే, మార్చాల్సింది ఇయర్‌ఫోన్ కాదు. ఆ తేడాను చెవి డాక్టరుకు చెప్పి, వినికిడి పరీక్ష చేయించుకోవాలి.