కొడవలి తుప్పు, కుజుడి ఎరుపు

ఒరేయ్ బుజ్జీ, చూరులో ఉన్న ఆ కొడవలి ఇలా పట్రా. సార్వా కోతలయ్యాక కడక్కుండా దోపేసి మర్చిపోయాను. మన మండపేటలో ఇనుముకి చెమ్మ కొదవా! ఏదీ, వేలితో రాయి. అంటుకుందా? తెల్లారగట్ల డాబా మీద "తాతయ్యా, ఆ చుక్కేంటి ఎర్రగా ఉంది" అన్నావే, ఆ కుజుడి ఒంటి నిండా ఉన్నది ఇదేరా. తుప్పు. అక్కడి మట్టిలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి అలా తయారైంది. ఆ దుమ్ము గాల్లో నిండిపోయి, పొద్దుగూకేవేళ సూర్యుడి చుట్టూ ఆకాశం నీలంగా కనిపిస్తుందట. మనకి పగలుండే రంగు అక్కడ సాయంత్రం!

ఆ ఎరుపు చూసి మనవాళ్లకి కుంపట్లో నిప్పు గుర్తొచ్చింది, అంగారకుడన్నారు. రోమన్లు వాళ్ల యుద్ధదేవుడి పేరు పెట్టారు, మార్స్ అని. అయితే ఆయన ఒట్టి కత్తి దేవుడు కాదు. చేలకి చీడపీడలు రాకుండా చూడమని రోమన్ రైతులు మొక్కుకున్నదీ ఆయనకే. మార్చి నెల ఆయన పేరు మీదే వచ్చింది. మన కుజుడో? "కు" అంటే భూమి, భూమికి పుట్టినవాడు. నాకైతే ఇద్దరూ మట్టిమనుషుల్లాగే కనిపిస్తారు.

మీ నాయనమ్మ ఒప్పుకోదనుకో. ఆవిడకి కుజుడి వారమైన మంగళవారం అంటేనే పడదు, పేరెత్తకుండా జయవారం అంటుంది. గోళ్లు కూడా తియ్యనివ్వదు. మరి మన శ్రీహరికోట నుంచి కుజుడి దగ్గరికి మంగళయాన్ లేచిందెప్పుడో తెలుసా? 2013 నవంబర్ 5, అచ్చంగా మంగళవారం, మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకి! దాన్ని మోసిన పీఎస్ఎల్‌వీ రాకెట్‌కి ఒక్క ఊపున కుజుడి దాకా విసిరే సత్తువ లేదు. చేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పి తిప్పి రాయి వదుల్తామే, ఇంచుమించు అలాగే. భూమి చుట్టూ తిప్పుతూ, దగ్గరికొచ్చినప్పుడల్లా ఇంజన్ మండించి, చుట్టు పెద్దది చేసుకుంటూ పోయి చివరికి వదిలారు. 2014 సెప్టెంబర్ 24న వెళ్లి కక్ష్యలో కూర్చుంది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నారు, 2022 దాకా పలికింది. ఈ మాటే మీ నాయనమ్మతో అంటే, "వాళ్ల ముహూర్తం వాళ్లది, మన గోళ్లు మనవి" అంది.

అసలు ముచ్చట ఇప్పుడు విను. 2021లో కుజుడి మీద అమెరికావాళ్ల పెర్సెవరెన్స్ బండి దిగిన చోటు పేరు జెజెరో. ఒకప్పుడు అక్కడ చెరువుండేది. ఏరొకటి వచ్చి అందులో కలిసేచోట ఒండ్రు మేటవేసి విసనకర్రలా పరుచుకుంది. డెల్టారా! మన గోదావరి డెల్టా లాంటిదే, చిన్నది. నీళ్లు పోయి వందల కోట్ల ఏళ్లయింది, మేట మాత్రం అలాగే ఉంది. మన చేలో బోరు వేసినప్పుడు ఇసకా బంకమట్టీ పొరలు పొరలుగా వచ్చాయి చూడు, అక్కడి రాళ్లలోనూ అలా పొరలున్నాయి.

2027 ఫిబ్రవరిలో కుజుడు ఇంకా దగ్గరికొస్తాడు. దగ్గరంటే పది కోట్ల కిలోమీటర్లు. అప్పుడైతే పొద్దుగూకగానే తూర్పున కనిపిస్తాడు, తెల్లారగట్ల లేవక్కర్లేదు.

సర్లే, ఆ ఆకురాయి ఇటివ్వు. మీ నాయనమ్మ గుడి నుంచి వచ్చేలోపు ఈ తుప్పు వదిలించేద్దాం. ఇవాళ మంగళవారం.