అమీరుపేటలో నేర్పు ఒక పాఠము: షరతుపై కంపైలేషన్

కంప్యూటరు విద్య కొరకు మన గ్రామములనుండి ఎందరో యువతీయువకులు హైదరాబాదు చేరి, అమీరుపేట, పంజగుట్ట ప్రాంతములందు గదులు అద్దెకు తీసికొని ఉందురు. మైత్రీవనము చుట్టుప్రక్కల శిక్షణాలయములలో నేర్పు భాషలలో 'సి' ఒకటి. ఇంటినుండి రుసుము తెప్పించుకొని వారు నేర్చునదేమో పంచాయతీ సభ్యులకు కొంత తెలియుట మేలు. అందొక పాఠమును ఇచట వివరింతుము.

మండలమునందలి గ్రామములన్నిటికి ఒకే నోటీసు చిత్తుప్రతి తయారైనదనుకొనుడు. అందు కొన్ని పంక్తులకు ముందు 'చెరువు గల గ్రామములకు మాత్రమే' అనియు, పిదప 'ఇంతవరకు' అనియు గుర్తులు కలవు. చెరువు లేని ఊరికి గుమాస్తా ఆ పంక్తులను విడిచి, తక్కినది అచ్చుకూటమునకు పంపును. అచ్చు కూర్చువాడు విడిచిన పంక్తులను చూడనే చూడడు.

సి భాషలో ఈ గుమాస్తాయే ప్రీప్రాసెసరు, అచ్చుకూటము కంపైలరు. #ఇఫ్‌డెఫ్ మొదటి గుర్తు, #ఎండిఫ్ చివరి గుర్తు. ఊరికి చెరువు కలదని ముందుగా తెలుపునది #డిఫైన్. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన ఈ భాషకు 1972-73 ప్రాంతమున ప్రీప్రాసెసరు చేరినది. షరతు ఆదేశములు మైక్ లెస్క్, జాన్ రైజర్‌ల కృషివలన ఆ పిమ్మట వచ్చినవి. నేడు ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారమైన లినక్స్ కెర్నెల్ ఈ పద్ధతిని విరివిగా వాడుచున్నది. ఒకే మూలప్రతినుండి ఫోనుకొక రూపము, పెద్ద సర్వరుకొక రూపము తీయుదురు.

ఇందొక చిక్కు కలదు. 'చెరువు' అనుటకు 'చెరవు' అని వ్రాసినచో గుమాస్తా ప్రశ్నింపడు. అట్టి పేరు తెలుపబడలేదని ఎంచి పంక్తులన్నియు విడుచును. కంపైలరును తప్పు చూపదు. తూము మరమ్మతు గడువు తెలుపు పంక్తియే జారిపోయిన నోటీసు ఊరు చేరినట్లు, కావలసిన భాగము లేని ప్రోగ్రామే సిద్ధమగును. సాధారణమైన 'ఇఫ్' వాక్యమున తెలియని పేరు కనబడిన కంపైలరు వెంటనే ఆక్షేపించును. ఇచట ఆ కాపుదల లేదు. పైగా విడిచిన పంక్తులలోని దోషములు చాలవరకు ఆ షరతు నెరవేరు దినము వరకు దాగియుండును.

అందుచే అనుభవజ్ఞులు పేరు తెలిపి ఒకసారి, తెలుపక ఒకసారి కంపైలు చేసి చూతురు. పేరు తప్పక ఉండవలసిన చోట #ఎల్స్ క్రింద #ఎర్రర్ వ్రాసినచో, అది లేనపుడు పని అచ్చటనే నిలిచి హెచ్చరిక కనబడును. సెలవులకు ఊరు వచ్చిన విద్యార్థిని, విడిచిన పంక్తులను ఎవరు సరిచూతురని అడిగి చూడుడు.