కిమ్ మగ్గాల నుంచి మన పాన్పు దాకా: ఎగ్జిమా ఉన్నవారికి తగిన పడక ఏది?

సూరత్ నగరానికి ఉత్తరాన, ముంబయి–అహ్మదాబాద్ రైలు మార్గంపై ఉన్న చిన్న పట్టణం కిమ్. అదే పేరుగల నది ఈ ప్రాంతం గుండా ప్రవహిస్తుంది. ఓల్పాడ్ తాలూకాలోని ఈ పట్టణం చుట్టుపక్కల, పొరుగున ఉన్న పిపోదరాలోనూ మర మగ్గాలు, వస్త్ర పరిశ్రమలు విస్తరించాయి. సూరత్ పరిసరాల మగ్గాలపై సాగే నేతలో అధిక భాగం పాలియెస్టర్ వంటి కృత్రిమ దారాలదే. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్ నేత పరిశ్రమలో పనిచేస్తున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతోంది.

ఇక్కడ నేసిన బట్ట చీరగా, దుప్పటిగా, గలేబుగా మారి తెలుగు రాష్ట్రాల్లోని ఇళ్లకు చేరుతుంది. ధర తక్కువ, రంగు వెలవదు, ఇస్త్రీ అక్కరలేదు. ఈ గుణాల వల్ల ఎక్కువ మందికి అది సౌకర్యమే. కాని ఎగ్జిమా ఉన్న బిడ్డ రాత్రంతా అదే బట్టపై పడుకోవలసి వచ్చినప్పుడు లెక్క మారుతుంది. బిడ్డ గోక్కుంటూ లేస్తే తల్లికి నిద్ర ఉండదు. తెల్లవారి పనికి వెళ్లవలసిన తండ్రికీ ఉండదు. అటువంటి ఇంట్లో పడక ఎంపిక అలంకారానికి సంబంధించిన విషయం కాదు, ఆరోగ్యానికి సంబంధించినది.

చర్మంలో జరిగేది ఏమిటి?

ఆరోగ్యవంతమైన చర్మపు పైపొర ఇటుక గోడ వంటిది. కణాలు ఇటుకలైతే, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థం సున్నం. ఎగ్జిమాలో ఈ గోడ బలహీనపడుతుంది. కొందరిలో ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం ఇందుకు ఒక కారణం. గోడలోని సందుల గుండా లోపలి తేమ బయటికి పోతుంది, బయటి చికాకు కలిగించే పదార్థాలు లోపలికి వస్తాయి. చర్మం పొడిబారి, ఎర్రబడి, విపరీతమైన దురద పుడుతుంది. గోకినకొద్దీ గోడ మరింత దెబ్బతిని దురద ఇంకా పెరుగుతుంది.

ఒంటి వేడి, చెమట, గరుకు స్పర్శ ఈ దురదను రెచ్చగొడతాయి. పడకపై ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. మనిషి రోజులో దాదాపు మూడో వంతు కాలం శరీరాన్ని ఒకే బట్టకు ఆనించి ఉంచేది అక్కడే. సముద్ర తీరానికి చేరువలో ఉండే సూరత్ ప్రాంతంలోనూ, కోస్తా జిల్లాల్లోనూ ఉక్కపోత రాత్రులు ఈ బాధను ఇంకా పెంచుతాయి.

నూలుకూ పాలియెస్టర్‌కూ తేడా

పక్కదుప్పటి విషయంలో చూడవలసిన మొదటి గుణం తేమను పీల్చుకునే శక్తి. సాధారణ తేమగల గాలిలో 100 గ్రాముల పొడి నూలు సుమారు 8 గ్రాముల తేమను తనలో ఇముడ్చుకుంటుంది. అంతే బరువున్న పాలియెస్టర్ అర గ్రాము తేమను కూడా పట్టుకోదు. అందుకే మామూలు పాలియెస్టర్ దుప్పటిపై చెమట ఒంటికి అంటుకునే ఉంటుంది. పాలియెస్టర్ విషం కాదు, ఎగ్జిమాకు మూలకారణమూ కాదు. వేడిని, చెమటను ఒంటి దగ్గరే నిలిపి దురదకు దోహదం చేయడమే దానితో వచ్చే ఇబ్బంది.

ఉన్ని తేమను బాగానే పీల్చుకుంటుంది. కాని ముతక ఉన్ని వెంట్రుకల కొనలు చర్మాన్ని పొడుస్తాయి. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగళి చలికి, వానకు సాటిలేనిదే అయినా ఎగ్జిమా ఉన్న ఒంటికి నేరుగా తగలకూడదు. చలికాలంలో తప్పనిసరైతే లోపల పలుచని నూలు దుప్పటి కప్పుకొని, దానిపై గొంగళి వేసుకోవాలి.

సాటిన్ విషయంలో ఒక అపోహ ఉంది. సాటిన్ అనేది నేత పద్ధతి పేరు, దారం పేరు కాదు. పట్టుతో, నూలుతో, పాలియెస్టర్‌తో కూడా సాటిన్ నేయవచ్చు. పట్టులా మెరుస్తున్నంత మాత్రాన అది పట్టు అయిపోదు.

మారిపోయిన బొంత

పసిపిల్లలకు పాత నేత చీరనో, పంచెనో మడిచి పరచడం తెలుగు ఇళ్లలో అనాదిగా ఉన్న అలవాటు. అనేకసార్లు ఉతికిన నూలు బట్టలో గంజి, అదనపు రంగు పోయి పోగులు మెత్తబడతాయి. సున్నితమైన చర్మానికి కావలసింది సరిగ్గా అదే. పాత చీరలు పేర్చి కుట్టిన బొంత కూడా ఒకప్పుడు ఇటువంటి మెత్తని నూలు పడకే.

నేడు ఇంట్లో పాతబడే చీరల్లో నూలువి తక్కువ, పాలియెస్టర్‌వి ఎక్కువ. అవే చీరలతో కుట్టిన బొంత చూపుకు అమ్మమ్మ కుట్టిన బొంతలాగే ఉంటుంది, గుణంలో మాత్రం అది వేరు. అటువంటి బొంత ఉంటే పారవేయనక్కరలేదు. దానిపై ఉతికిన నూలు దుప్పటి పరిచి వాడుకోవచ్చు. పసిబిడ్డ కింద వేసే రబ్బరు షీటుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అది నేరుగా ఒంటికి తగలకుండా పైన నూలు బట్ట మడతలు వేసి, ముడతలు లేకుండా గట్టిగా దోపాలి.

దుకాణంలో గమనించవలసినవి

పేరులో కాటన్ అని ఉన్నంత మాత్రాన దుప్పటి పూర్తి నూలుది కానవసరం లేదు. గ్లేస్ కాటన్, పాలీకాటన్ వంటి పేర్లతో అమ్మే రకాల్లో పాలియెస్టర్ కలిసి ఉండవచ్చు. చీటీపై 100 శాతం కాటన్ అని స్పష్టంగా ఉన్నదీ లేనిదీ చూడాలి. అనుమానం ఉంటే నేతపని వారికి తెలిసిన పాత పరీక్ష ఒకటి ఉంది. దుప్పటి అంచు నుంచి ఒక పోగు లాగి, పటకారుతో పట్టుకొని, ఆరుబయట జాగ్రత్తగా వెలిగించాలి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. రెండు లక్షణాలూ కనిపిస్తే అది మిశ్రమ నూలు.

థ్రెడ్ కౌంట్ ఎంత ఎక్కువైతే దుప్పటి అంత మంచిదన్న ప్రచారాన్నీ యథాతథంగా నమ్మనక్కరలేదు. దారాలు మరీ దగ్గరగా పడితే గాలి ఆడదు. మన వాతావరణానికి తేలికైన సాదా నేత మేలు. ముదురు రంగుల కంటే తెలుపు, లేత రంగులు మంచివి. పాలియెస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగుల్లో కొన్ని, ముఖ్యంగా ముదురు నీలం రకాలు, కొందరికి స్పర్శ వల్ల అలర్జీ కలిగిస్తాయి. ముడత పడకుండా చేసే రసాయన పూతల్లో ఫార్మాల్డిహైడ్ ఉండవచ్చు. కొత్త దుప్పటిని ఒకటి రెండుసార్లు ఉతికిన తరువాతే వాడాలి.

ఉతుకు, ఎండ, దుమ్ము

పరుపుల్లో, దిండ్లలో దుమ్ము పురుగులు చేరతాయి. మిల్లీమీటరులో మూడో వంతుకు మించని ఈ జీవులు మన ఒంటి నుంచి రాలే చర్మపు పొలుసులను తిని బతుకుతాయి. తేమగల గాలిలో వేగంగా పెరుగుతాయి. వాటి విసర్జన కొందరిలో అలర్జీని ప్రేరేపిస్తుంది. దుప్పట్లు, గలేబులు వారానికి ఒకసారి 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో ఉతికితే పురుగులు చస్తాయి, అలర్జీ పదార్థమూ చాలావరకు కొట్టుకుపోతుంది. దిండ్లను, పరుపును తరచు ఎండలో వేయడం వల్ల తేమ తగ్గుతుంది. అయితే ఎండతో అలర్జీ పదార్థం పూర్తిగా పోదు కనుక ఉతకగల వాటిని ఉతకవలసిందే. బూరుగు దూది దిండ్లను విప్పి దూది ఏకించేటప్పుడు రోగిని దూరంగా ఉంచాలి.

సబ్బు పొడి తగినంతే వాడి, మంచినీటితో అదనంగా ఒకసారి జాడించాలి. సువాసన గల ఫ్యాబ్రిక్ కండిషనర్లు మానడం మంచిది.

ఖరీదైన మార్గాలు ఫలితమిచ్చాయా?

ఎగ్జిమా పేరుతో అమ్మకానికి వచ్చే వస్తువులు అనేకం. వాటిలో కొన్నింటిని పరిశోధకులు బ్రిటన్‌లో నిష్పాక్షికంగా పరీక్షించారు. ప్రత్యేక పట్టు దుస్తులపై జరిగిన అధ్యయనంలో 300 మంది పిల్లలు పాల్గొన్నారు. మామూలు చికిత్సకు ఆ దుస్తులను జోడించినా వ్యాధి తీవ్రతలో చెప్పుకోదగిన అదనపు మేలు కనబడలేదని 2017లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. నీటి కాఠిన్యాన్ని తగ్గించే యంత్రాలను 336 మంది పిల్లల ఇళ్లతో పరీక్షించగా, వాటివల్లా అదనపు ప్రయోజనం లేదని 2011లో తేలింది. దుమ్ము పురుగులను అడ్డుకునే పరుపు తొడుగుల విషయంలోనూ ఎగ్జిమా తగ్గుతుందనేందుకు ఆధారాలు బలంగా లేవు.

పడక వ్యాధిని నయం చేయదు, ఇబ్బందిని మాత్రమే తగ్గిస్తుంది. చికిత్సకు పునాది రోజూ రాసే మాయిశ్చరైజరు, వ్యాధి ముదిరినప్పుడు వైద్యుడు సూచించిన లేపనం. హంసతూలికా తల్పంపై పడుకోబెట్టినా ఒంటికి తేమ అందకపోతే దురద ఆగదు. చేతిలో పరిమితంగా డబ్బు ఉన్న కుటుంబం ముందుగా మందుకు, మాయిశ్చరైజరుకు ఖర్చు పెట్టి, మిగిలిన దానితో రెండు జతల సాదా నూలు దుప్పట్లు కొనుక్కుంటే చాలు.

మరువరాని జాగ్రత్త: నిప్పు

మాయిశ్చరైజర్లు దుప్పటికి, గలేబుకు అంటుకొని ఎండిపోతాయి. అలా ఎండిన బట్టకు నిప్పు తగిలితే మామూలు బట్ట కంటే త్వరగా, ఉద్ధృతంగా మండుతుంది. పారఫిన్ ఉన్నా లేకున్నా ఈ ప్రమాదం ఉందని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ఉతికినా ఆ పదార్థం పూర్తిగా పోకపోవచ్చు. మంచం దగ్గర బీడీ, సిగరెట్ కాల్చరాదు. దోమల చుట్ట, దీపం, కిరోసిన్ స్టవ్ పడకకు దూరంగా ఉండాలి. ఒకే గదిలో వంట, నిద్ర రెండూ సాగే ఇళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

వైద్యుడిని ఎప్పుడు కలవాలి?

తెలుగులో తామర అనే మాటను ఎగ్జిమాకూ, బూజు వల్ల వచ్చే గుండ్రని మచ్చల వ్యాధికీ వాడుతున్నారు. రెండింటికీ చికిత్స వేరు. సలహా లేకుండా మందుల దుకాణంలో కొన్న స్టెరాయిడ్ మిశ్రమ లేపనం బూజు వ్యాధిని ముదరబెడుతుంది. ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి రాత్రివేళ దురద మొదలైతే అది గజ్జి కావచ్చు. అప్పుడు ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి, పక్కబట్టలను వేడి నీటిలో ఉతకాలి. ఉతకలేని వాటిని కనీసం 3 రోజులు ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి ఉంచాలి. చర్మంపై పసుపు పెచ్చులు కట్టినా, రసి కారినా, జ్వరం వచ్చినా, నొప్పితో కూడిన నీటి బొబ్బలు వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపాలి.

మగ్గంపై పనిచేసే వారికి బట్ట గుణం వేరొకరు చెప్పనక్కరలేదు. వేలి కొసతో పోగును తాకి అది ఏ దారమో పోల్చగలరు. ఆ నేర్పును అమ్మకానికి వెళ్లే బట్టపైనే కాక, సొంత ఇంట్లో బిడ్డ పడుకునే దుప్పటిపై కూడా ప్రయోగిస్తే సగం ఎంపిక పూర్తయినట్లే. ఒంటికి తగిలే పొర మెత్తని, ఉతికిన నూలుదై ఉండాలి. దాని కింద ఏ పరుపు ఉన్నదన్నది తరువాతి ప్రశ్న.