హృదయ రోగికి పరిచర్య

తిరుపతి నుండి కాలినడకన తిరుమలకు పోయేవారు అలిపిరి వద్ద మొదటి మెట్టుకు మొక్కి ఎక్కడం మొదలుపెడతారు. అక్కడి నుండి మెట్లు సుమారు 3,550. నిలువుగా ఎక్కవలసిన ఎత్తు సుమారు 700 మీటర్లు. 60 కిలోల మనిషి ఈ ఎత్తు ఎక్కినప్పుడు గురుత్వాకర్షణకు ఎదురుగా చేసే పని ఎంత? ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణాన్ని, ఎత్తును గుణిస్తే 60 × 10 × 700, అనగా 4,20,000 జౌళ్లు. ఇది సుమారు 100 కిలో కేలరీలకు సమానం. కండరాలు తాము ఖర్చు చేసిన శక్తిలో నాలుగో వంతును మాత్రమే పనిగా మార్చగలవు కాబట్టి అసలు ఖర్చు 400 కిలో కేలరీలు. ఇంత శక్తి పుట్టడానికి కావలసిన ప్రాణవాయువును మోసుకొనిపోయేది రక్తం. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 5 లీటర్ల రక్తాన్ని తోసే గుండె, మెట్లు ఎక్కేటప్పుడు ఇంచుమించు దానికి రెట్టింపు తోయవలసి వస్తుంది.

ఆరోగ్యవంతుని గుండె ఈ పనిని సునాయాసంగా చేస్తుంది. గుండె జబ్బు ఉన్నవారి సంగతి వేరు. అందుకే అటువంటివారు నడకదారిన రావద్దని దేవస్థానం వారు 2024లో భక్తులను కోరారు. కొండ మీద గాలి పలుచన కావడమే ఆయాసానికి కారణమని కొందరు చెబుతారు గాని, తిరుమల సముద్రమట్టానికి 1,000 మీటర్లలోపు ఎత్తునే ఉన్నది. అక్కడ గాలి పీడనం తగ్గేది ఇంచుమించు పదో వంతు. ఆయాసం తెచ్చేది ప్రధానంగా ఎక్కుడే.

గుండె లోపల జరిగేదేమో చూద్దాము. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును నింపుకొన్న రక్తం ఎడమ కర్ణికకు వచ్చి, ద్విపత్ర కవాటం గుండా ఎడమ జఠరికలోకి దిగుతుంది. పెద్దవారిలో ఈ ద్వారం వైశాల్యం 4 నుండి 6 చదరపు సెంటీమీటర్లు. జబ్బు వలన అది 1.5కు తగ్గితే తీవ్రమైన ఇరుకుగా లెక్కిస్తారు. నిమిషానికి 75 సార్లు కొట్టుకొనే గుండెలో ఒక్కొక్క స్పందనకు 0.8 సెకను పడుతుంది; ముడుచుకొనడానికి 0.3, సడలి నిండడానికి 0.5. అనగా నిమిషం మొత్తంలో జఠరిక నిండడానికి దొరికే కాలం 37 సెకన్ల పైచిలుకు. వేగం 120కి పెరిగితే స్పందనకు అర సెకనే. నిండే కాలం దాదాపు పావు సెకను, నిమిషం మొత్తానికి 30 సెకన్లు. కావలసిన రక్తం రెట్టింపైనది, దొరికిన కాలం తగ్గినది! పైగా ఇరుకు ద్వారంలో ప్రవాహం రెట్టింపు కావాలంటే పీడన భేదం నాలుగు రెట్లు పెరగవలెను. ఈ పీడనం వెనుకకు తన్ని ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాలపై పడుతుంది. రక్తంలోని నీరు గాలి గదులలోకి ఊరి, రోగికి ఊపిరి ఆడదు. మంచం దిగవద్దని నర్సు పట్టుబట్టడం వెనుక ఉన్నది ఈ లెక్కయే.

మన దేశంలో ఈ కవాటం ఇరుకు కావడానికి ముఖ్య కారణం చిన్ననాటి గొంతునొప్పి అంటే వినేవారికి వింతగా ఉంటుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవులలో ఒక తెగ పిల్లల గొంతును పట్టుకొంటుంది. వాటిని చంపడానికి శరీరం ప్రతిదేహాలను తయారుచేస్తుంది. ఈ సూక్ష్మజీవి పైపొరలోని కొన్ని పదార్థాలకు, గుండెలోని కొన్ని పదార్థాలకు పోలిక ఉండడం వలన కొందరి శరీరం తన గుండెనే శత్రువుగా ఎంచుతుంది. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం, కీళ్ల వాపు కనిపిస్తాయి. ఇదే కీళ్లవాత జ్వరం. ఎక్కువగా 5 నుండి 15 ఏళ్ల లోపు పిల్లలకు వస్తుంది. నొప్పి ఈనాడు మోకాలిలో ఉంటే రేపు చీలమండలో ఉంటుంది. కొన్ని వారాలలో తానే పోతుంది. ఎదిగే పిల్లలకు కాళ్ల నొప్పులు మామూలే అని పెద్దలు సరిపెట్టుకొంటారు. కీళ్లు బాగుపడతాయి గాని కవాటం రెక్కలు మచ్చకట్టి, అంచులు ఒకదానికొకటి అతుక్కొని, ఏళ్ల మీద బిగుసుకొనిపోతాయి.

ఈ జబ్బుకు మరొక ముఖం ఉన్నది. దానిని ముందుగా చూసేది ఉపాధ్యాయుడే. కొందరు పిల్లలలో చేతులు, ముఖం తమంత తామే కదులుతుంటాయి. చక్కని దస్తూరి గల పిల్లవాడు ఉన్నట్టుండి కోడిగీతలు గీస్తాడు, పలక జారవిడుస్తాడు, ముఖం వికారంగా పెడతాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ వర్ణించిన లక్షణాలివి. తరగతిలో దీనిని అల్లరిగా ఎంచి శిక్షించడం సులభం. ఆసుపత్రికి పంపవలసిన పిల్లవాడు గోడకుర్చీ వేస్తాడు!

గుండె గోడకు మూడు పొరలు. ఏ పొర వాచినదో దానినిబట్టి పరిచర్య మారుతుంది. పైనున్న సంచి వంటి హృదయావరణం వాస్తే ఛాతీలో పోటు పుడుతుంది. వెల్లకిల పడుకొంటే ఎక్కువై, కూర్చుండి ముందుకు వంగితే తగ్గుతుంది. అటువంటి రోగి ముందు బల్ల వేసి, దానిపై దిండు ఉంచి వాలనిస్తారు. మన దేశంలో ఈ వాపుకు క్షయ కూడా ఒక ముఖ్య కారణం. సంచిలో నీరు వేగంగా చేరితే అది గుండెను నాలుగువైపుల నుండి అదిమివేస్తుంది. రక్తపోటు పడిపోవడం, మెడ సిరలు ఉబ్బడం, గుండె చప్పుడు దూరాన విన్నట్లు మందగించడం, ఈ మూడు కూడివస్తే నర్సు పరుగున వైద్యుని పిలువవలెను. సూదితో ఆ నీటిని తీసివేయడమే మార్గం. మధ్యనున్న కండరం వాచేది తరచు వైరస్‌ల వలన. జ్వరం తగ్గినదని పిల్లవాడు వెంటనే ఆటస్థలానికి పోరాదు; మూడు నుండి ఆరు నెలల పాటు పోటీ ఆటలు మానవలెనని వైద్యులు చెబుతారు.

అలిపిరి రోడ్డున 1993 నుండి పనిచేస్తున్న శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, జనం వాడుకలో స్విమ్స్, రాయలసీమలోని హృదయ రోగులకు ఒక పెద్ద దిక్కు. 2021 అక్టోబరులో దేవస్థానం వారు బర్డ్ ఆసుపత్రి ఆవరణలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని ప్రారంభించారు. పుట్టుకతోనే గుండె గోడలో రంధ్రం ఉన్న బిడ్డలకు అక్కడ చికిత్స జరుగుతున్నది. 2023 జనవరిలో తొలి గుండె మార్పిడి కూడా జరిగింది. ఇటువంటి శస్త్రచికిత్సల వార్తలు పత్రికలలో వస్తాయి. రాత్రి రెండు గంటలకు రోగి నాడి లెక్కపెట్టిన నర్సు మాట ఏ పత్రికలోనూ రాదు. రోగి ప్రాణం మాత్రం ఈ రెంటిపైనా నిలిచి ఉంటుంది.

నాడి చూడడమే తీసుకొందాము. పావు నిమిషం లెక్కించి నాలుగుతో గుణించడం హృదయ రోగి విషయంలో పనికిరాదు. నిండు నిమిషం లెక్కించవలెను. కవాటం ఇరుకైనవారిలో కర్ణిక ఉబ్బి, లయ తప్పి అదరడం మొదలుపెడుతుంది. అప్పుడు కొన్ని స్పందనలలో జఠరిక నిండకముందే ముడుచుకొంటుంది. ఆ కొద్ది రక్తపు అల మణికట్టు దాకా చేరదు. కాబట్టి ఒక నర్సు స్టెతస్కోపుతో గుండెను వింటూ, మరొక నర్సు మణికట్టు పట్టుకొని, ఒకే నిమిషంలో ఇద్దరూ లెక్కిస్తారు. గుండె వద్ద 110, మణికట్టు వద్ద 86 ఉంటే 24 స్పందనలు వృథా అయినవన్నమాట. ఏ యంత్రమూ అక్కరలేని ఈ పరీక్ష భౌతికశాస్త్ర ప్రయోగం వలె చక్కనిది. అదుపు తప్పిన వేగాన్ని తగ్గించే మందులలో డిజాక్సిన్ ఒకటి. 1785లో విలియం వితరింగ్ వెలుగులోకి తెచ్చిన డిజిటాలిస్ మొక్కల జాతి నుండే అది వచ్చింది. మేలు చేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య ఎడం తక్కువ. ఇచ్చేముందు నాడి చూసి, పెద్దవారిలో 60 కంటె తగ్గితే మాత్ర ఆపి వైద్యునికి తెలుపుతారు. వాంతులు, కంటికి అన్నీ పసుపుగా తోచడం కూడా హెచ్చరికలే.

రెండవది తూకం. గుండె బలహీనపడితే మూత్రపిండాలు ఉప్పును, నీటిని శరీరంలో నిలుపుతాయి. ఒక లీటరు నీరు ఒక కిలో. కాళ్ల వాపు కంటికి కనిపించేసరికి రెండు మూడు లీటర్లు చేరి ఉంటుంది. తూకపు యంత్రం దానిని ఎన్నో రోజుల ముందే చెబుతుంది. అందుకే ప్రతి ఉదయం మూత్ర విసర్జన తరువాత, ఏమీ తినకముందు, అదే యంత్రంపై, ఇంచుమించు అవే బట్టలతో తూచవలెను. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. మంచాన ఉన్న రోగికి వాపు పాదాలలో గాక నడుము కింద చేరుతుంది. అక్కడ వేలితో నొక్కి చూడడం కొత్త నర్సులు మరచిపోయే పని. తల ఎత్తుగా, వీపుకు దిండ్లు పెట్టి కూర్చుండబెడితే రక్తం కొంత కాళ్లవైపు నిలిచి ఊపిరితిత్తులకు భారం తగ్గుతుంది. ఇక ఆహారంలో ఉప్పు. కూరలో ఉప్పు తగ్గించి పళ్లెం అంచున ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ వడ్డిస్తే పథ్యం జరిగినట్లు కాదు. నర్సు ఈ సంగతిని రోగికంటె వంట చేసేవారికే చెప్పవలసి ఉంటుంది.

లోపలి పొరకు, కవాటాలకు సూక్ష్మజీవులు పట్టడం మరింత ప్రమాదకరం. దెబ్బతిన్న కవాటంపై అవి గుంపుగా స్థిరపడి గడ్డలు కడతాయి. మందు మొదలుపెట్టకముందే వేరువేరు చోట్ల నుండి, సాధారణంగా మూడుసార్లు, రక్తం తీసి పరీక్షకు పంపవలెను. ఒక్క మోతాదు మందు ముందు పడితే సూక్ష్మజీవి జాడ తెలియకపోవచ్చును. తరువాత నాలుగు నుండి ఆరు వారాలు సిర ద్వారా మందు ఎక్కించాలి. ఆ గడ్డల ముక్క విరిగి మెదడుకు పోతే మూతి వంకరపోతుంది, మాట తడబడుతుంది. కాబట్టి ముఖం తుడిచేటప్పుడు, మాట కలిపేటప్పుడు కూడా నర్సు పరీక్షిస్తూనే ఉంటుంది. పుచ్చిన పళ్లు, వాచిన చిగుళ్లు ఈ సూక్ష్మజీవులకు రాజమార్గం. హృదయ రోగికి పళ్లు తోమించడం కూడా గుండె చికిత్సలో భాగమే.

ఇరుకైన కవాటాన్ని రక్తనాళం గుండా పంపిన బుడగతో విప్పడం 1984 నుండి వాడుకలోకి వచ్చింది. బాగుచేయ వీలుకానిచోట కృత్రిమ కవాటం అమరుస్తారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ రూపొందించిన కవాటాన్ని 1990లో తొలిసారి రోగికి అమర్చారు. లోహపు కవాటం ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్‌ఫరిన్ మాత్ర వేసుకోవలెను. ఆకుకూరలలోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. అంతమాత్రాన తోటకూర, గోంగూర మానివేయమనడం తప్పు. ఒక వారం అసలు తినక, మరొక వారం రోజూ తినడమే చిక్కు తెస్తుంది.

ఇంత చికిత్స అవసరం కాకుండా చేసే ఉపాయం చౌకయైనది. కీళ్లవాత జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు లేక నాలుగు వారాలకొకసారి బెంజాథిన్ పెనిసిలిన్ సూది ఇస్తారు. మరల గొంతు జబ్బు రాకపోతే మరల గుండెపై దాడి లేదు. గుండె దెబ్బతిన్నవారికి ఇది కనీసం పదేళ్లు సాగవలెను. కవాటం బాగా చెడినవారికి వైద్యుడు సూదికి బదులు మాత్రలు ఎంచవచ్చును. ఉగాండాలో జరిగిన ఒక పరిశోధన ఫలితం 2021లో వెలువడింది. పైకి లక్షణాలు కనిపించని తొలిదశలో ఉన్న పిల్లలను రెండేళ్లు గమనించగా, నెలనెలా సూది పొందిన 399 మందిలో ముగ్గురికి మాత్రమే జబ్బు ముదిరింది. పొందని 400 మందిలో 33 మందికి ముదిరింది.

ఈ సూది బాగా నొప్పి పెడుతుంది. సీసాను అరచేతులలో వెచ్చబరచి, కండరంలోకి లోతుగా, నెమ్మదిగా ఎక్కించి, పిల్లవానితో మాటలు సాగించే నర్సు వద్దకు అతడు మరుసటి నెల కూడా వస్తాడు. ఆ మందు పడనివారు కొద్దిమంది ఉంటారు కాబట్టి సూది తరువాత అరగంట కూర్చుండబెట్టడం, అడ్రినలిన్ చేతికి అందేటట్లు ఉంచుకొనడం నియమం. సూదులు తప్పేది ఎక్కువగా రెండేళ్లు, మూడేళ్లు గడిచాక. ఒంట్లో ఏ బాధా లేని పిల్లవాడు పరీక్షల పేరనో పండుగ పేరనో ఒక నెల మానివేస్తాడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పాఠశాలలకు వచ్చే వైద్య బృందాలు చూడవలసిన జబ్బులలో కీళ్లవాత హృద్రోగం కూడా ఉన్నది. అటువంటి పిల్లవాడు తరగతిలో ఉంటే అతని సూది తేదీని హాజరుపట్టీలో పేరు పక్కన గుర్తువేసుకొని, ఆ రోజు సెలవు అడుగకముందే ఇచ్చి పంపడం ఉపాధ్యాయునికి ఒక నిమిషం పని.